అటక మీద రెండు మంచాలు

లెట్టీ ఓర్మ్ నిద్రపోతున్న తీరు చూసి కెజియా ప్రౌట్ గుమ్మంలోనే ఆగిపోయింది.

బుధవారం ఉదయం ఎనిమిదిన్నర. స్టేషన్ గదిలో గోడకి బిగించిన చెక్కబల్ల ఇద్దరు మనుషులు పట్టేంత వెడల్పు. ఉన్నది ఆ పదిహేడేళ్ళ పిల్ల ఒక్కతే. అయినా గోడకి అతుక్కుపోయి, మోకాళ్ళు ముడుచుకుని, బల్లలో సగం ఖాళీగా వదిలేసి పడుకుంది. దుప్పటి కూడా సగమే కప్పుకుంది. మిగతా సగం ఖాళీ చెక్క మీద నీటుగా పరిచి ఉంది, ఎవరికో అట్టేపెట్టినట్టు. సోమవారం రాత్రీ ఇంతే, నిన్న రాత్రీ ఇంతే.

చూసేవాళ్ళు దాన్ని భయం అనుకుంటారు. కెజియాకి మాత్రం అది అలవాటని తెలుసు. పద్నాలుగో ఏట పెద్దింటి పనిలో చేరి, పంతొమ్మిదేళ్ళు చాకిరీ చేసి, అందులో ఒక్క రాత్రి కూడా మంచం మొత్తం తనది అనిపించుకోని మనిషి ఆమె. ఆ తరవాత ఒక కానిస్టేబుల్ని కట్టుకుంది. అతను పోయాక, స్టేషన్‌కి తెచ్చిన ఆడవాళ్ళ జేబులూ జుట్టుముళ్ళూ తడిమి చూసే ఉద్యోగం ఇచ్చారు. లండన్‌లో ఆ పని చేసే ఆడవాళ్ళని లెక్కలోకి తీసుకునే పోలీసు ఇంకా పుట్టలేదు.

"లే తల్లీ. టీ తెచ్చాను," అంది.

లెట్టీ ఉలిక్కిపడి లేచింది. ఎర్రజుట్టు మొహం మీద పడుతోంది.

"నువ్వు ఎవరితో పడుకుంటావే?"

పిల్ల చేతిలో టీ ఒలికింది. "ఎవరితోనూ లేదమ్మా! నా మంచం నాకుంది. తలవైపు నా పేరు రాసిన అట్ట కూడా ఉంది. కావాలంటే అమ్మగార్ని అడగండి."

"నేనడిగింది మొగాళ్ళ సంగతి కాదే పిచ్చిదానా."

"నా మంచం నాకుంది," అంది లెట్టీ మళ్ళీ, పాఠం ఒప్పజెప్పినట్టు. తల టీలోకి వంచేసింది.

దొంగతనం ఒప్పుకోని పిల్ల మంచం మాటకి ఎందుకు వణికింది? ఈ ప్రశ్న పట్టుకునే కెజియా బయటికొచ్చింది. వచ్చేసరికి సార్జెంట్ హాస్కిన్ బల్ల దగ్గర మీసం దువ్వుకుంటున్నాడు. ముప్ఫై రెండేళ్ళవాడు, పట్టిన ప్రతి కేసూ మూడు రోజుల్లో తేల్చేస్తానని గొప్ప.

"రా ప్రౌటమ్మా, రా. నీ ముద్దుల పిల్ల నిజాయితీ చూద్దువుగాని." కోటు లోపలి నుంచి ఒక కవరు తీసి, అందులోంచి పల్చటి తెల్లకాగితం పొట్లం బల్ల మీద పెట్టాడు. కాగితం కరకరలాడింది. విప్పితే లోపల వజ్రాల పతకం. థర్లో దొరసాని ఆదివారం చర్చికి పెట్టుకెళ్ళి, రాత్రి ఎనిమిదింటికి అద్దం ముందు తీసిపెట్టింది. సోమవారం పొద్దున్నకి లేదు. ఆ గది తుడిచేది లెట్టీ కాబట్టి సాయంత్రం ఆరుకల్లా లెట్టీని తీసుకొచ్చారు.

"ఎక్కడ దొరికింది?"

"ఇందాక ఏడూ పదికి. అటక మీద, పైకప్పు కిటికీ కింద మంచం. తలవైపు అట్ట మీద పిల్ల పేరు. పరుపు కుట్టు నాలుగంగుళాలు విప్పి, గడ్డిలోకి తోసింది."

"సోమవారం నువ్వు అటకంతా గాలించావు కదయ్యా?"

"పెట్టెలు గాలించాను. పరుపులు పైపైన తట్టి చూశాను." అతని చెవులు ఎర్రబడ్డాయి. "నిన్న సాయంత్రం ఇంట్లో అందరినీ నిలబెట్టి చెప్పా, రేపు దొరకకపోతే దొరల పెట్టెలూ విప్పిస్తానని. ఆ అవసరం లేకుండానే దొరికింది. ఇవాళ మేజిస్ట్రేటు ముందు పెడితే ఆరు నెలలు ఖాయం."

ఆరు నెలల జైలంటే పనిపిల్లకి ఆరు నెలలు కాదు. బయటికొచ్చాక నడత మంచిదని చీటీ ఎవరు రాసిస్తారు? చీటీ లేనిదాన్ని వంటింటి గుమ్మం ఎవరు తొక్కనిస్తారు? ఆ తరవాత మిగిలేది వీధే. అలాంటి పిల్లల జేబులు కెజియా రోజూ తడుముతూనే ఉంది.

"కోర్టుకి ఆ మురికి గౌనుతో పంపుతావా? వెళ్ళి ఉతికింది తీసుకొస్తాను," అంది.

హాస్కిన్ నవ్వాడు. "వెళ్ళు, బట్టలు తీసుకురా. కళ్ళు మాత్రం ఇక్కడ వదిలేసి వెళ్ళు. నేనూ పదింటికి దొరసాని సంతకం కోసం వస్తున్నా. అక్కడ నాకు ఎదురుపడితే మర్యాదగా ఉండదు."

తొమ్మిదీ ఇరవైకి కెజియా థర్లో వారి అటకలో ఉంది. అయిదో అంతస్తు. ఆఖరి పద్దెనిమిది మెట్లకి కార్పెట్ లేదు. దొరల అడుగులు ఎక్కడిదాకా పడతాయో ఏ ఇంట్లోనైనా ఆ కార్పెటే చెబుతుంది.

తీసుకొచ్చింది పెద్ద పనిమనిషి జెమైమా స్టూక్. పాతికేళ్ళుంటాయి. నల్లజుట్టు, వాచిన దవడ చుట్టూ ఉన్నిగుడ్డ కట్టు.

"పన్నా?" అంది కెజియా.

"ఆదివారం నుంచీ చంపుతోంది."

"లవంగం పెట్టుకో. ఆ పిల్ల బట్టల పెట్టె ఏదీ?"

జెమైమా చూపించింది పొగగొట్టం గోడ పక్కనున్న మంచం కింద. అక్కడ రెండు పెట్టెలు పక్కపక్కనే ఉన్నాయి. తలవైపు అట్ట మీద మాత్రం 'జె. స్టూక్' అని ఒక్క పేరే. గదికి అటు చివర, వాలుకప్పులోని కిటికీ కింద, 'ఎల్. ఓర్మ్' అట్ట ఉన్న మంచం. దాని మీద తెల్లటి పైదుప్పటి ముడత లేకుండా పరిచి ఉంది. కాళ్ళవైపు మాత్రం హాస్కిన్ చెయ్యి పెట్టి కెలికిన గుర్తు.

కెజియా పొగగొట్టం మంచం మీద కూచుంది. పరుపు మీద అరచెయ్యి పెట్టి మెల్లగా జరిపింది. పరుపులో ఒక గుంట కాదు, రెండు. గోడవైపు సన్నది, బయటివైపు పెద్దది. తలగడ ఎత్తి వెలుగులో పట్టుకుంది. నల్లవెంట్రుకలు రెండు. ఎర్రవెంట్రుక ఒకటి, మూరెడు పొడుగు.

"నీ జుట్టు అప్పుడప్పుడూ ఎర్రగా మొలుస్తుందా అమ్మాయ్?"

జెమైమా తలుపు వైపు చూసింది. "మీరు బట్టలకి వచ్చామన్నారు."

"బట్టలకే వచ్చాను. నేనూ పంతొమ్మిదేళ్ళు ఇలాంటి అటకల్లోనే పడుకున్నానే. మొదటి ఇంట్లో నా పక్కన పడుకునేదానికి పళ్ళు కొరికే జబ్బు. రెండో ఇంట్లోది కలల్లో దొరని తిట్టేది. దాని నోరు మూయడానికే నాకు సగం నిద్ర పోయేది."

జెమైమాకి నవ్వొచ్చి, దవడ నొప్పెట్టి, కట్టు పట్టుకుంది. ఆ నవ్వు వెంటే కళ్ళు నిండాయి.

"అమ్మగారికి చెప్పకండి అక్కా. ఇద్దరు ఒక మంచంలో పడుకోవడం ఈ ఇంట్లో తప్పు. ఎక్కడో ఉపన్యాసం విన్నారంట. పనివాళ్ళకి మనిషికో మంచం ఉంటేనే నడత బాగుంటుందని. వచ్చిన ఆడాళ్ళందరికీ గొప్పగా చెబుతారు. ఆ అట్టలు ఆవిడే రాసి పెట్టించారు. నాకు ముందున్న మార్తా ఇలాగే దొరికిపోతే, చీటీ ఇవ్వకుండా సాయంత్రానికి పంపేశారు. మా అమ్మకి నేనొక్కదాన్నే ఆధారం అక్కా."

"మరి ఆ మంచం ఏం పాపం చేసింది?"

"చెయ్యి పెట్టి చూడండి."

కెజియా వెళ్ళి పరుపు కుట్టు విప్పిన చోట చెయ్యి దూర్చింది. జనవరి చలికి అప్పటికే వేళ్ళు మొద్దుబారి ఉన్నాయి. మొదట తగిలింది చల్లదనమే. పిడికిలి బిగిస్తే వేళ్ళ సందుల్లోంచి నీళ్ళు కారాయి. తలెత్తి చూసింది. కప్పు మీది పలక పగిలిన చోట నిలిచిన వాననీరు ఇంకా దూలం వెంట జారి, దుప్పటిని తాకకుండా, మంచం పక్కపట్టీ మీదుగా పరుపు పొట్టలోకి దిగుతోంది.

"ఎప్పణ్ణుంచి?"

"అక్టోబర్ నుంచి. వసంతంలో పలకలవాణ్ణి పిలుస్తామన్నారు. పైదుప్పటి రోజూ సర్ది పెడతాం, ఎవరైనా తొంగిచూస్తే బాగుంటుందని. వంటావిడకి తెలుసు, గిన్నెలు తోమేదానికి తెలుసు, కింద వెండి సామాను అల్మరాకి కాపలా పడుకునే మనిషికీ తెలుసు. లెట్టీ గోడవైపు, నేను ఇటువైపు. అది లేవాలంటే నన్ను దాటాలి. ఆదివారం రాత్రి పన్నుకి నేను నిద్రే పోలేదు. వేడి ఉప్పుమూట పట్టుకుని నా దవడకి కాపడం పెడుతూ మూడింటిదాకా కూచుంది అది."

"ఈ మాట సోమవారమే చెప్పుంటే?"

జెమైమా తల దించుకుంది. "తీసుకెళ్తుంటే నా వైపు చూసి తల అడ్డంగా ఊపింది. 'చెప్పకు' అని. నేను... నోరు మూసుకున్నాను."

కెజియా తిట్టలేదు. ఆమె ధ్యాస వేరే చోట ఉంది. తడిసిన అరచేతిని చూసుకుంటోంది. స్టేషన్ బల్ల మీద కరకరలాడిన కాగితం చెవిలో మోగుతోంది.

"నిన్న వాన ఎప్పుడు మొదలైంది?"

"మధ్యాహ్నం. ఇవాళ తెల్లవారి అయిదింటికి, నేను కిందికి దిగేముందు ఆగింది."

మెట్ల మీద బూట్ల చప్పుడు. పది దాటి అయిదు నిమిషాలు.

"చెప్పానా లేదా!" హాస్కిన్ వాలుకప్పుకి నెత్తి కొట్టుకుని లోపలికొచ్చాడు. "జేబులు చూసేదానివి జేబులు చూసుకో. సాక్ష్యం దొరికిన చోట వేలు పెట్టడానికి నువ్వెవరు?"

"నెత్తి రుద్దుకో సార్జెంటూ, బొప్పి కడుతుంది. ఒక్క సంగతి చెప్పు. పొద్దున పొట్లం తీశాక ఏం చేశావు?"

"కవర్లో పెట్టాను. కవరు జేబులో పెట్టాను."

"ఆరబెట్టావా? ఎక్కడైనా తుడిచావా?"

"తుడవడానికి అదేమన్నా పళ్ళెమా? గడ్డి తడే, చలికాలం చెమ్మ అనుకున్నాను. పొట్లం ఎలా తీశానో అలాగే ఉంది."

"అయితే నీ గడియారం తియ్యి. జెమైమా, పల్చటి కాగితం ఉందా?"

జెమైమా టోపీ మడతపెట్టుకున్న కాగితం తెచ్చింది. కెజియా దాన్ని మడిచి, కుట్టు విప్పిన చోట, హాస్కిన్ చూపించిన లోతుకే తోసింది. "పది నిమిషాలు. కూచో. ఆ మంచం మీద కాదు, నీ ప్యాంటు పాడవుతుంది."

ఆ పది నిమిషాలూ హాస్కిన్ ఊరుకోలేదు. ఆడవాళ్ళ చాదస్తమన్నాడు. ఫిర్యాదు రాస్తానన్నాడు, ఉద్యోగం ఊడుతుందన్నాడు. కెజియా లెట్టీ గౌను మడతపెడుతూ కూచుంది. పది నిమిషాలు కాగానే అతని చేత్తోనే తీయించింది. చేతికొచ్చింది కాగితం కాదు, తెల్లటి ముద్ద.

హాస్కిన్ దాన్ని చూశాడు. జేబులోంచి కవరు తీసి పొట్లాన్ని వేళ్ళ మధ్య నలిపాడు. కరకర.

"నిన్న మధ్యాహ్నం నుంచి తెల్లారిందాకా వాన," అంది కెజియా. "ఇంత తడిలో ఉండి కూడా నీ కాగితం నానలేదు. అంటే నువ్వు చెయ్యి పెట్టడానికి అయిదు నిమిషాల ముందు ఎవరో పెట్టారు. సోమవారం సాయంత్రం ఆరు నుంచి ఆ పిల్ల నా తాళం కింద ఉంది."

"అయితే ఇదిగో, ఇది పెట్టుంటుంది!" హాస్కిన్ వేలు జెమైమా మీదికి తిరిగింది. "అటకకి వచ్చిపోయేది ఇదే!"

"ఆరు నుంచి ఏడుంబావు దాకా అమ్మగారి గదిలో పొయ్యి రాజేసి, నీళ్ళు పోసి, జుట్టు దువ్వుతున్నాను. ఆవిణ్ణే అడగండి," అంది జెమైమా.

"అదీగాక బుర్రపెట్టు సార్జెంటూ. ఇది లెట్టీని ఇరికించాలంటే లెట్టీ పడుకునే చోట పెడుతుంది గాని, అక్టోబర్ నుంచి కుక్క కూడా పడుకోని చోట పెడుతుందా? ఈ ఇంట్లో పనివాళ్ళందరికీ తెలుసు ఆ మంచం ఖాళీ అని. పెట్టినవాడు అట్ట మీద పేరు చదివి నమ్మాడు. పేరున్న చోటే మనిషి పడుకుంటుందని ఈ ఇంట్లో నమ్మేదెవరు? కార్పెట్ ఉన్న మెట్లు మాత్రమే ఎక్కేవాళ్ళు."

కెజియా అతనికి దగ్గరగా వచ్చి గొంతు తగ్గించింది. "పొద్దున్నే ఏడు దాటగానే వచ్చి తిన్నగా పరుపు విప్పావు. సోమవారం రాని ఆలోచన నీకు ఎలా వచ్చిందయ్యా?"

అతను మెట్ల వైపు చూశాడు. "గుమ్మం దగ్గరే కలిశాడు. ఈ ఇంట్లోనే ఉంటాడే, దొరసాని తమ్ముడు, పెర్సివల్ దొర. 'పరుపులు విప్పి చూశారా సార్జెంట్' అన్నాడు. మంచి సలహా అనుకున్నాను."

"ఎవరి సలహా?"

ముగ్గురూ తిరిగారు. సంతకానికని వచ్చినవాడు ఎంతకీ దిగకపోయేసరికి థర్లో దొరసాని స్వయంగా పైకి వచ్చింది. మెట్లు ఎక్కి ఎక్కి ఆయాసపడుతోంది. యాభై ఏళ్ళ మనిషి, నల్ల పట్టుగౌను, చేతులకి ఉంగరాలు. గదిని కొత్త చోటు చూసినట్టు చూసింది.

"ఆ మంచంలో ఎవరూ పడుకోరని ఎవరో అంటున్నారు. నా ఇంట్లో మనిషికో మంచం ఉంది."

కెజియా నోరు తెరవబోయి ఆగింది. ఇది తను చెప్పాల్సిన మాట కాదు.

జెమైమా ముందుకొచ్చింది. "ఉన్నది ఒక మంచమే అమ్మగారూ. అక్టోబర్ నుంచి నేనూ లెట్టీ ఇందులోనే పడుకుంటున్నాం. మీరు మార్తాని పంపినట్టు నన్నూ పంపండి. చీటీ ఇవ్వకపోయినా సరే. ఆదివారం రాత్రి అది నా పక్కనే ఉంది. నా కోసం అబద్ధమాడి జైలుకి పోతోంది. నేను ఇంక ఊరుకోలేను."

"నా మాట లెక్కచేయకుండా..." దొరసాని పెదవులు బిగిశాయి. రెండడుగులు వేసి తెల్లటి పైదుప్పటి లాగేసి, అరచెయ్యి పరుపు మీద గట్టిగా అదిమింది. ఉంగరాల చుట్టూ నీళ్ళు ఊరాయి. చెయ్యి తీయలేదు. అలాగే నిలబడింది.

"నాకెందుకు చెప్పలేదు?"

"మూడుసార్లు చెప్పామమ్మగారూ. మూడోసారి మీరు విసుక్కున్నారు."

దొరసాని చెయ్యి తుడుచుకోకుండానే ఇటు తిరిగింది.

"సార్జెంట్. పెట్టినవాళ్ళు ఏ వేళకి పెట్టి ఉండాలి?"

"ఏడూ అయిదు, ఏడూ పది. ఆ మధ్య."

"సరిగ్గా ఏడూ అయిదుకి నేను తలుపు తీసి టీ ఇంకా రాలేదేమని కేకేశాను. జెమైమా నా వెనకే ఉంది, దువ్వెన పట్టుకుని. అప్పుడు నా తమ్ముడు పెర్సీ ఈ మెట్లు దిగుతున్నాడు." మాటమాటకీ ఆగుతోంది. "పైకప్పు కిటికీలోంచి వాన తగ్గిందో లేదో చూసొచ్చానన్నాడు. చొక్కా చేతికట్టు తడిగా ఉంది. వానే కదా అనుకున్నాను. వాన అయిదింటికే ఆగిపోయిందని నాకేం తెలుసు? నేను లేచేది ఆరున్నరకి."

జెమైమా మెల్లగా అంది, "నేనూ చూశానమ్మగారూ. దొరల మీద చెబితే ఎవరు నమ్ముతారని..."

"వింటారు. ఇవాళ వింటారు," అంది కెజియా. "పెట్టెలు విప్పిస్తానని సార్జెంట్ నిన్న బెదిరించాడు చూడండి. ఆ వేడి అతనికి తగిలింది. ఎందుకు తీశాడో అతనే చెప్పుకుంటాడు. ఇప్పుడు ఎక్కడున్నాడు? ఊరు దాటేలోగా..."

హాస్కిన్ ఒక వింత చప్పుడు చేశాడు. నవ్వో ఏడుపో తెలియలేదు.

"ఊరు దాటడు. కోర్టులో ఉన్నాడు. మొదటి వరస బెంచీ మీద. పతకం దొరికినప్పుడు పక్కనే ఉన్నాడని సాక్షిగా నేనే రమ్మన్నాను. తొమ్మిదిన్నరకే బయల్దేరాడు, పాపం, శ్రద్ధగా."

రెండు రోజుల్లో మొదటిసారి కెజియా పగలబడి నవ్వింది. "దొంగని పిలిచి కుర్చీ వేసి కూచోబెట్టావా! నీ అంత తెలివైన పోలీసు లండన్‌లో లేడయ్యా. సరే, పన్నెండింటికి కదా కేసు, తీరుబడిగా..."

"పన్నెండు కాదు." అతని మొహంలో రక్తం లేదు. "మధ్యాహ్నం నాకు వేరే పని ఉండి ముందుకు జరిపించాను. పదకొండు. మన మేజిస్ట్రేటుకి పనిపిల్లల కేసంటే అయిదు నిమిషాలు. పతకం నా జేబులో ఉన్నా, దొర నోటిమాట చాలు ఆయనకి. ఒకసారి శిక్ష రాసేశాడంటే చెరిపించడానికి నెలలు పడుతుంది."

గడియారంలో పదీ ముప్ఫై ఎనిమిది. కోర్టుకి నడిస్తే పాతిక నిమిషాలు.

హాస్కిన్ తడి కాగితపు ముద్దని జేబురుమాల్లో చుట్టాడు. కెజియా వైపు చూడలేక, గోడ వైపు చూస్తూ అన్నాడు, "ప్రౌటమ్మా... సాక్షుల బోనులో ఈ కాగితం సంగతి నేను చెబితే, మూడు రోజుల్లో నేనే తేల్చానంటారు. నువ్వు చెప్పు. నువ్వెవరని మేజిస్ట్రేటు అడిగితే, చెప్పమన్నది నేనేనని చెప్పు."

"ముందు పరిగెత్తు నాయనా, మర్యాదలు దారిలో పంచుకుందాం. జెమైమా, నువ్వూ రా. నోరు విప్పొచ్చని లెట్టీకి నీ మొహం చూస్తేనే తెలుస్తుంది."

జెమైమా కదలకుండా దొరసాని వైపు చూసింది. పని వేళలో గడప దాటాలంటే అనుమతి కావాలి. ఆఖరి గంటలోనూ ఆ అలవాటు కాళ్ళకి అడ్డం పడింది.

థర్లో దొరసాని అప్పటికే గౌను రెండు చేతులతో పైకి పట్టుకుని, కార్పెట్ లేని మెట్ల మీద కిందికి దిగుతోంది.

"నించున్నావేం, జెమైమా? నా బండి కట్టమని కేకెయ్యి," అంటోంది. "పెర్సీ చేతికట్టు చూసింది నేను. అది నేనే చెప్పాలి."